ఎర్ర రంగు పూసిన తూటాలు

వెల్డా సోర్లీకి తన మరిది లోవెల్ అంటే మొదటినుంచీ పడదు. లోవెల్‌కీ ఆవిడంటే అంతే. మధ్యలో ఆర్విడ్ ఉన్నన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చారు. ఆవిడకి మొగుడు, వాడికి అన్న, ఇద్దరి నోళ్ళకీ మూత. ఆ ఆర్విడ్ కాస్తా జనవరిలో పోయాడు. మా కొండలోయ ఊరు కెటిల్ క్రీక్‌లో జనవరి అంటే నేల గడ్డకట్టి రాయే. పారలు పనికిరాక గొయ్యి తీయడానికి యంత్రం తెప్పించారు.

పూడ్చిన మర్నాడే లోవెల్ పికప్ ట్రక్కు వేసుకుని దిగాడు. వెల్డా వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. చావింటికి ఊళ్ళోవాళ్ళు కూరలు తెచ్చిన గిన్నెలవి, ఎవరివి వాళ్ళకి తిరిగివ్వాలి కదా. వాడు బూట్లయినా విప్పకుండా ముందుగదిలోకి నడిచి గోడమీదున్న పాత రైఫిల్ దించుకున్నాడు. "నాన్న తుపాకీ, వదినా. సోర్లీ మగాళ్ళ దగ్గరే ఉండాలి. నీకు దీంతో ఏం పని?" అన్నాడు. తర్వాత కిందిగదిలోకి దిగి ఆర్విడ్ బల్లమీదున్న తూటాల పెట్టెలు కూడా ఎత్తుకున్నాడు. తూటాలు నింపే ఇనప సామాను మాత్రం ముట్టుకోలేదు. అదేమిటో, ఎలా పనిచేస్తుందో తెలిస్తేగా! "ఈ తుక్కు నువ్వే అమ్ముకో" అని పెద్ద ఉపకారం చేసినట్టు చెప్పి పోయాడు.

వెల్డా అడ్డు చెప్పలేదు. భయపడి కాదు. ఆ పూట ఆవిడకి నోరు పెగల్లేదు, అంతే. మర్నాటికి నోరు లేచింది గానీ అప్పటికే తుపాకీ గడప దాటిపోయింది.

ఆవిడ మా స్కూల్లో వంటమనిషి. గురువారం వచ్చిందంటే మాంసమూ చిక్కుడుగింజలూ వేసి కారంగా చిల్లీ వండుతుంది, దాంతో పాటు దాల్చినచెక్క పొడి చల్లిన తియ్యటి రొట్టె చుట్టలు. ఆ రెండూ కలిపి తినకుండా మా లోయలో పెరిగినవాడు లేడు. బయటివాళ్ళు వింటే మొహం చిట్లిస్తారు, అది వాళ్ళ ఖర్మ. వంటమనిషి కాక ముందు ఆవిడ గొర్రెల మంద ఉన్న ఇంటి పిల్ల. నక్కలొస్తే తండ్రికంటే ముందు తనే రైఫిల్ అందుకునేది. సోర్లీల ఇంటికి కోడలుగా వచ్చాక చేతిలో తుపాకీ పోయి గరిటె వచ్చింది.

ఏటా అక్టోబరు చివర, ఎల్క్ అనే పెద్ద కొమ్ముల దుప్పుల వేట తెరిచే వారం, సోర్లీలు కొండమీద గుడ్డ డేరా వేస్తారు. లోపల ఒక కట్టెల పొయ్యి, కొన్ని మడత మంచాలు. ఎవరి మంచం వాళ్ళది, కొండమీద ఎవరు కూర్చునే చోటు వాళ్ళది. రెండు శిఖరాల నడుమ పల్లంగా మెడలాంటి చోటొకటి ఉంది. తెల్లవారుతూనే ఎల్క్‌లు ఆ మెడ దాటే అవతలి లోయలోకి పోతాయి. అది పెద్దకొడుకు చోటు, అంటే ఆర్విడ్‌ది. వెల్డా ఆ డేరాలో ముప్ఫై ఏళ్ళు వండింది. ఆ మెడ మీద ఒక్కసారైనా కూర్చోలేదు.

వసంతంలో మంచు కరిగి దారులు బురద అయ్యాక లోవెల్ మళ్ళీ వచ్చాడు. ఇకమీదట మెడ తనదన్నాడు, ఆర్విడ్ మంచం తన పెద్దల్లుడికన్నాడు. వెల్డా మామూలుగా వచ్చి వంట చేయొచ్చట, ఎవరూ కాదనరట! వెల్డా రొట్టెపిండి పిసుకుతూనే ఉంది. "వస్తాను. వంటకి కాదు, వేటకి. ఆర్విడ్ చోట్లో కూర్చుంటాను" అంది.

వాడు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "నాన్న రూలు తెలుసుగా? మూత తగలనివాళ్ళకి డేరాలో మంచం లేదు. నువ్వు వంటదానివి కాబట్టి ఇన్నాళ్ళూ అడగలేదు" అన్నాడు.

ఆ రూలు మాకందరికీ తెలుసు. వేట తెరిచే ముందు ఆదివారం ఊరవతల పాత కంకర గుంతలో అందరూ చేరాలి. రెండువందల గజాల దూరంలో పలకకి కాఫీ డబ్బా రేకుమూత కొడతారు. ఎవరి తుపాకీతో వాళ్ళు మూడు గుండ్లు కాల్చాలి, మూడూ మూతకి తగలాలి. ఒక్కటి పక్కకి పోయినా ఆ ఏడు ఇంట్లో కూర్చోవడమే. జంతువుని సగం చంపి వదిలేసేవాడు తన డేరాలో అన్నం తినకూడదని ముసలి సోర్లీ పెట్టిన కట్టుబాటు అది. మంచిదే. కాకపోతే లోవెల్ నోట్లోంచి వస్తే మంచిమాట కూడా తిట్టులాగే ఉంటుంది.

మా దగ్గర ఇంకో కట్టుబాటు ఉంది, ఇది ఎవరూ పెట్టింది కాదు. చాలామందిమి తూటాలు కొనం, ఇంట్లోనే నింపుకుంటాం. పేల్చిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి కడిగి, మూతి నొక్కి, కింద నిప్పు పుట్టించే కొత్త ప్రైమర్ బిళ్ళ బిగించి, త్రాసులో తూచిన తుపాకిమందు పోసి, పైన గుండు కూర్చోబెడతాం. ఒకరు నింపినది ఇంకొకరు కాల్చరు. మందు చిటికెడు ఎక్కువైనా, ఒక డబ్బా మందుకి బదులు ఇంకోటి పడినా, పేలేది చెంప పక్కనే. తాగి నింపాడో, నిద్రమత్తులో నింపాడో ఎవరికి తెలుసు? ఎంత స్నేహితుడైనా సరే, తూటా చేతిలో పెడితే నవ్వి తిరిగిచ్చేస్తాం. ఎవరూ తప్పు పట్టరు.

లోవెల్ ఒక్కడు అన్న నింపినవి కాల్చేవాడు. దానికి వాడు పోయిన గొప్పలు అన్నీ ఇన్నీ కావు. సారా కొట్లో గ్లాసు బల్లమీద కొట్టి మరీ చెప్పేవాడు: "మా ఆర్విడ్ చెయ్యి అది. కళ్ళు మూసుకుని చెంప ఆనిస్తా."

ఆ చెయ్యి సంగతి వెల్డాకి తెలుసు.

పోయే ముందు ఓ ఏడెనిమిదేళ్ళనుంచి ఆర్విడ్ చేతులు వణికేవి. మొదట్లో చల్లగాలికన్నాడు, తర్వాత కాఫీ సగం కప్పే పోయించుకున్నాడు, ఆ తర్వాత నలుగురిలో ఉంటే జేబుల్లోంచి చేతులు తీయడం మానేశాడు. డాక్టరు ఆ జబ్బుకి పేరు చెప్పాడు, తగ్గదని కూడా చెప్పాడు. త్రాసులో మందు పోయబోతే సగం బల్లమీద ఒలికేది. ఒక చలికాలం వెల్డా మొగుడి పక్కకి కుర్చీ లాక్కుని చెంచా తన చేతిలోకి తీసుకుంది. ఆ రోజునుంచీ ప్రతి తూటా ఆవిడ నింపిందే. ఆర్విడ్ పక్కన కూర్చుని ఎంత పోయాలో, గుండు ఎంత లోతుకి దించాలో చెప్పేవాడు. మోకాలు నొప్పి, వేటాడనని మూత కాల్చడం తప్పించుకుని, కొండకి వెళ్తే డేరాలోనే ఉండిపోయి, నాన్న తుపాకీ తమ్ముడికిచ్చి మెడ మీదికి పంపేవాడు. పడిన ఎల్క్ రెండిళ్ళకీ సగం సగం.

"లోవెల్‌కి తెలియనివ్వకు" అని ఆర్విడ్ ఆవిడ దగ్గర మాట తీసుకున్నాడు. "వాడికి తెలిస్తే ఆ తూటాలు ముట్టడు. వాడు నా తూటాలు కాలుస్తున్నంతకాలం నేను కొండమీద ఉన్నట్టే. అదొక్కటీ ఉండనీ."

ఉండనిచ్చింది. ఆవిడ చేసిన మార్పల్లా ఒకటే. బిళ్ళ చుట్టూ చెమ్మ దిగకుండా కొందరు లక్క పూస్తారు. వెల్డా తన గోళ్ళరంగు పూసింది, ఎర్రటిది, స్కూలు డ్యాన్సుకని కొని మళ్ళీ వాడనిది. సన్నటి కుంచెతో బిళ్ళ అంచున ఒక చుట్టు. అదేమిటని లోవెల్ అడిగితే అది తన రహస్యమన్నాడట ఆర్విడ్. లోవెల్ ఆ రహస్యాన్ని కూడా సారా కొట్లో టముకు వేశాడు.

వేసవి రాగానే వెల్డా కాలిస్పెల్ పట్నం వెళ్ళి కొత్త రైఫిల్ తెచ్చుకుంది. పాతదాంట్లో పట్టే రకం తూటాయే దీనిదీ. కానీ భుజానికి ఆనించేచోట నల్ల ప్లాస్టిక్ మడమ, మెరిసే ఉక్కు గొట్టం, తుప్పు పట్టదు. కొత్త ఇత్తడి గొట్టాలు తెచ్చింది. నాన్న తుపాకీకి పోసే కొలత దీనికి పోయలేదు. రెండూ ఒకే పేరు తూటా తింటాయి గదా అనుకుని పోసేవాళ్ళు లేకపోలేదు, వాళ్ళలో ఒకాయనకి ఇప్పుడు ఒంటికన్నే. ఏ తుపాకీ కడుపు దానిది. కింది కొలతనుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెం పైకి రావాలి.

ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆవిడ కంకర గుంతకి పోయేది. ఇసకసంచీ మీద తుపాకీ గొట్టం ఆనించి, ఊపిరి సగం వదిలి కాల్చేది. కాల్చిన ప్రతిసారీ తూటా వెనక మూసే బోల్ట్ పిడి ఎంత తేలిగ్గా లేచిందో చూసుకునేది. ఖాళీ గొట్టం తిరగేసి బిళ్ళ చూసేది. అంచులు గుండ్రంగా ఉంటే క్షేమం, రోకటితో మోదినట్టు చదునుగా అయిపోతే లోపల ఒత్తిడి ఎక్కువైనట్టు. తుపాకీ గొట్టం చల్లారేదాకా ఫ్లాస్కులో కాఫీ తాగుతూ కూర్చుని, మళ్ళీ కాల్చేది. ఎండలు మండే రోజుల్లో ఒకసారి మందు కొలతలో పైమెట్టుకి వెళ్ళింది. బోల్ట్ బిగుసుకుపోయి అరచేత్తో కొడితే గానీ లేవలేదు. వెంటనే ఇంటికొచ్చి, ఆ కొలత తూటాలన్నీ ఊడదీసి మందు తిరిగి దాని డబ్బాలోనే పోసేసింది. వెనక్కి రావడం ఓటమి కాదని ఆర్విడ్ అనేవాడు. తూటాల విషయంలో మాత్రమే అనేవాడు లెండి.

మొదట్లో గుండ్లు పలకంతా చెదిరేవి. లోవెల్ రోడ్డుమీద పికప్ ఆపి కిటికీలో మోచేయి పెట్టుకుని చూసేవాడు. "ఏంటి వదినా, పలక నీకేం అపకారం చేసింది?" అనేవాడు. ఇంకోరోజు ఆ నల్ల మడమ చూసి, గరిట పిడి తగిలించుకొచ్చావా అన్నాడు. ఆవిడ ఇంకో తూటా ఎక్కించేది. భుజం కమిలి నల్లబడింది, స్కూల్లో చిల్లీ గంగాళం ఎత్తాలంటే పళ్ళు బిగించాల్సొచ్చేది. అయినా మానలేదు. ఆకు రాలే ముందు లార్చ్ చెట్లు పసుపు తిరిగే వేళకి మందు కొంచెం తగ్గించి గుండు వెంట్రుకవాసి లోతుకి దించితే, మూడు రంధ్రాలూ ఒకే గుప్పిట్లో పడ్డాయి. గుంతలో ఎవరూ లేరు కాబట్టి ఆవిడ ఎగిరి గంతేసింది. తర్వాత బండెక్కి, చెప్పుకోవడానికి మనిషి లేడని ఏడ్చింది.

ఆ ఆదివారం రానే వచ్చింది. గడ్డి మీద పొగమంచు, పడమటినుంచి చిరుగాలి. గుంతలో లోవెల్, వాడి అల్లుళ్ళిద్దరూ, ముసలి ఎల్మర్. ఎల్మర్ మామగారి స్నేహితుడు, డేరాలో అందరికంటే పెద్ద. దుర్భిణి పట్టుకుని తగిలిందీ లేనిదీ చెప్పడం ఆయన పని. ఆయన చెప్పిందే తీర్పు.

ముందు లోవెల్ కాల్చాడు. నిజం చెప్పాలి గదా, వాడు కాల్చగలడు. మూడూ మూతలో పడ్డాయి. ఖాళీ గొట్టాలు గడ్డిలో పడుతుంటే వెల్డా వాటి అడుగున ఎర్ర చుట్లు చూసింది. తన చేత్తో పూసినవి. "చూశారా, పోయినా మా అన్న చెయ్యి నన్ను వదల్లేదు" అన్నాడు వాడు. అల్లుళ్ళూ కాల్చారు, ఇద్దరూ గట్టెక్కారు.

వెల్డా బల్ల దగ్గర కూర్చుంది. మొదటి గుండు మూత నడుమ. రెండోది దాని పక్కన. మూడోది నొక్కబోతుంటే వెనక లోవెల్ గట్టిగా దగ్గాడు. జలుబు కాదు, ఏం కాదు. ఎల్మర్ చాలాసేపు దుర్భిణిలోంచి చూసి, అంచు తెగిందన్నాడు.

"తగలడం వేరు, గీరుకోవడం వేరు" అన్నాడు లోవెల్. "ఇది లెక్కలోకి రాదు."

రేకు తెగితే తగిలినట్టేనని వాళ్ళ నాన్న అనేవాడని ఎల్మర్ చెప్పబోయాడు. వాడు వినిపించుకుంటేగా! తుపాకీదే తప్పన్నాడు, కాదు తూటాలదే తప్పన్నాడు. వంటింట్లో ఉప్పూ కారం వేసినట్టు మందు పోస్తే ఇలాగే తగలడుతుందన్నాడు. బల్లమీదున్న ఆవిడ తూటా ఒకటి తీసి తిరగేసి చూశాడు. దాని అడుగునా ఎర్ర చుట్టే ఉంది. "ఆర్విడ్ లక్క కూడా దొంగిలించావా?" అన్నాడు. "లక్క పూస్తే సరిపోదు వదినా, లోపల పనితనం ఉండాలి. ఇలా తే. అన్న తూటా ఈ గరిట పిడిలో పెట్టి కాల్చి చూపిస్తా, తేడా నీకే తెలుస్తుంది."

అని ఆవిడ రైఫిల్ లాక్కుని, తన పెట్టెలోంచి తూటా తీసి లోపలికి తోశాడు. బోల్ట్ మూసుకోలేదు.

మూసుకోదు. వెల్డాకి ఆ సంగతి వాడు తూటా తీసినప్పుడే తెలుసు. ఆ ఇత్తడి గొట్టాలు నాన్న తుపాకీలో పేలి పేలి, తొడిగిన కాలి రూపానికి సాగిన బూటులాగా, ఆ తుపాకీ లోపలి రూపానికే సాగాయి. ఆర్విడ్ వాటి మూతి మాత్రమే నొక్కించేవాడు, ఒళ్ళు నొక్కనిచ్చేవాడు కాదు. పైగా అరవై ఏళ్ళు కాల్చి ఆ తుపాకీ గొట్టం మొదలు దగ్గర అరిగిపోయింది కాబట్టి గుండు బయటికి పొడుగ్గా పెట్టించి, మందు కాస్త ఎక్కువ పోయించేవాడు. ఆ తుపాకీకి అది అమృతం. కొత్తదాంట్లో ఆ గుండు గొట్టం గోడల్లో ఇరుక్కుంటుంది. పేలిస్తే ఒత్తిడి ఎటు తన్నుతుందో చెప్పలేం. వాయువు వెనక్కి తన్నితే పోయేది చెంప ఆనించినవాడి కన్ను.

లోవెల్ అరచేత్తో బోల్ట్ మీద మోదాడు. సగం దిగింది. పళ్ళు బిగించి ఇంకోసారి మోదాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, వెల్డా తనే తర్వాత ఒప్పుకుంది. ఆ క్షణంలో ఆవిడకి పోనీ అనిపించింది. గోడమీంచి తుపాకీ దించినప్పటి బూట్ల మంచు గుర్తొచ్చింది. వాడి కన్ను, వాడి ఖర్మ, ఎవరు కాల్చమన్నారు? నోరు విప్పితే ఆర్విడ్‌కిచ్చిన మాట పోతుంది. విప్పకపోతే ఎవరూ తననేమీ అనరు. వాడు మూడోసారి మోదాడు, బోల్ట్ మూసుకుంది. చెంప మడమకి ఆనించాడు.

వెల్డా లేచి రైఫిల్ మీద చెయ్యేసి గొట్టం నేలకి వంచేసింది.

"కాల్చకు. అది ఆ తుపాకీ తూటా, దీంట్లో కన్ను పోతుంది. బోల్ట్ తెరువు."

"చెయ్యి తియ్యి. ఆర్విడ్ ఏం పోశాడో నీకేం తెలుసు?"

"పోసింది నేను."

వాడు ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ మళ్ళీ అంది: "ఆరేళ్ళుగా నువ్వు కాల్చినవన్నీ నేను నింపినవే. మీ అన్న చేతులు చెంచా కూడా పట్టలేకపోయేవి. నీకు చెప్పొద్దని మాట తీసుకున్నాడు."

లోవెల్ నవ్వబోయాడు, సగంలో ఆగిపోయింది. వెల్డా కోటు జేబులోంచి గోళ్ళరంగు సీసా తీసి బల్లమీద పెట్టింది. ఎల్మర్ వాడి పెట్టెలోంచి ఒకటీ, ఆవిడ పెట్టెలోంచి ఒకటీ తీసుకుని, కళ్ళజోడు నొసటికి ఎత్తి పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకే ఎరుపు, ఒకే చుట్టు. చూడమని లోవెల్ ముందుకి జరిపాడు.

లోవెల్ చూడలేదు. కసిగా బోల్ట్ వెనక్కి లాగాడు. ఇత్తడి గొట్టం ఒక్కటే ఊడొచ్చింది, గుండు లోపలే ఇరుక్కుపోయింది. మందంతా తుపాకీ పొట్టలోకీ, వాడి చేతులమీదికీ, బల్లమీదికీ ఒలికింది. వాడు అరచేతిలోని ఆ నల్లటి పలుకుల వంక చూస్తూ నిలబడ్డాడు. పేల్చి ఉంటే ఏమయ్యేదో వాడికి వేరే చెప్పక్కర్లేదు. అల్లుళ్ళిద్దరూ బూట్లు చూసుకుంటున్నారు.

"అబద్ధాలకోరు" అన్నాడు చివరికి. వెల్డాని కాదు. "ఆరేళ్ళు నా మొహం మీద అబద్ధం చెప్పాడు. ఊరంతటికీ చెప్పుకున్నాను, మా అన్న చెయ్యి అని."

అప్పుడు వెల్డాకి నిజంగా ఒళ్ళు మండింది. "మీ అన్న జేబుల్లోంచి చేతులు తీయకుండా ఆరేళ్ళు నీ ఎదుట కూర్చున్నాడు. ఏమైందన్నా అని ఒక్కసారి అడిగావా? సగం కప్పు కాఫీ ఎందుకని అడిగావా? నీకు ఆయన అక్కర్లేదు లోవెల్, ఆయన తూటాలు కావాలి. అవి తీసుకుపోయావుగా, ఇంకా ఏడుపెందుకు?"

"ఆడది నింపినవి నేను కాల్చను" అన్నాడు వాడు. పెట్టె తిరగేసి తూటాలన్నీ బల్లమీద గుమ్మరించి, గబగబా నడిచి పికప్‌లో కూర్చుని తలుపు ధడాలున వేసుకున్నాడు. ఇంజను మాత్రం వేయలేదు.

వెల్డా తుపాకీ గొట్టం మూతినుంచి ఇత్తడి కడ్డీ దూర్చి, ఇరుక్కున్న గుండుని మెల్లగా తట్టి వెనక్కి రాల్చింది. పొట్టలోని మందు పలుకులన్నీ గుడ్డతో తుడిచింది. ఎల్మర్ వచ్చి, కావాలంటే మూడోది మళ్ళీ కాల్చమన్నాడు.

"కాల్చను. రేకు తెగిందా, లేదా?"

"తెగింది."

"అయితే మంచం నాది" అంది.

ఆయన తలూపాడు. ఆవిడ మూత తెచ్చుకోవడానికి పలక దాకా నడిచింది. గెలిచానన్న సంతోషం రవ్వంత కూడా లేదు. బతికుండగా మొగుడు అడిగిన ఒకే ఒక్క మాట నిలబెట్టలేకపోయింది, అదీ వీడి కన్ను కోసం! రేకుమూత ఊడదీసి తెగిన అంచు మీద వేలు రాసుకుంటూ, ఆర్విడ్‌ని క్షమించమని అడిగింది. తర్వాత, ఇదంతా నా నెత్తిన పెట్టి పోయావని తిట్టింది కూడా.

తిరిగొచ్చేసరికి బల్లమీద లోవెల్ గుమ్మరించిన తూటాలు లేవు. గడ్డిలో పడిన ఖాళీ గొట్టాలు కూడా ఏరేసి ఉన్నాయి. ఎల్మర్ దుర్భిణి సంచీలో పెట్టుకుంటూ పికప్ వైపు కనుబొమలెగరేశాడు. లోపల లోవెల్ తొడలమీద పెట్టె పెట్టుకుని ఎదురుగా అద్దంలోంచి కంకర గుట్టని చూస్తున్నాడు.

వెల్డా తన బండివైపు పోతూ ఆ కిటికీ మీద చెయ్యేసి ఆగింది.

"నువ్వు నింపుతుంటే అన్న పక్కనైనా ఉండేవాడా?" అన్నాడు లోవెల్, తల తిప్పకుండా.

"ప్రతి తూటాకీ. గుండ్లు ఆయనే ఒక్కొక్కటీ అందించేవాడు. సగం కింద పడేవి. ఏరి మళ్ళీ అందించేవాడు. 'ఇవి లోవెల్‌వి, జాగ్రత్తగా పొయ్యి' అనేవాడు."

లోవెల్ పెట్టె మూత తీసి, మళ్ళీ వేశాడు. "శుక్రవారం చీకటితోనే బయల్దేరతాం. ఆలస్యమైతే ఆగం" అన్నాడు. కాస్త ఆగి, "చిల్లీ గంగాళం తెస్తావుగా?" అన్నాడు.

"తేను. తుపాకీ తెస్తాను. నీ అల్లుళ్ళకి చేతులున్నాయి, వాళ్ళని వండమను."

వాడు ఇంజను వేశాడు. ఆవిడ కిటికీ మీంచి చెయ్యి తీయలేదు.

"ఆ పెట్టె అయిపోయాక ఏం చేస్తావు?" అని అడిగింది.

వాడు తూటాల పెట్టెని పక్కసీటు మీద పెట్టి, దొర్లిపోకుండా ఒక చెయ్యి దానిమీద ఉంచుకుని, గుంతలోంచి బండిని మెల్లగా రోడ్డు మీదికి ఎక్కించాడు.